మేడం రాసిన డ్రైవర్ గుప్తదానం కాదు

నాగర్‌కర్నూలులో మా పుస్తక సంఘం సమావేశం జరిగిన రోజు, సంఘం కార్యదర్శి అయిన మా తమ్ముడు నిండు సభలో ఒక మాట ఇచ్చాడు. "మేడం, మీరు మన కంప్యూటర్లకు డ్రైవర్ రాసియ్యుండ్రి. లోకానికి ఇచ్చేటప్పుడు దాని మీద మీ పేరే ఉంటది" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ మాట ఇచ్చి ఏళ్లు దాటాయి. పోయిన శుక్రవారం పొద్దున వనపర్తిలో మా పక్కింటి గోడ మీది నుంచి మేడం చెల్లెలు కేకేసింది. "భాయ్‌సాబ్, జర రండి. ఆపా ఎంత పిలిచినా పలుకుతలేదు." దవాఖాన వరకు పోవలసిన పని కూడా లేకపోయింది. మాట తీసుకున్న మనిషి నిద్రలోనే వెళ్లిపోయింది.

మాట ఇచ్చినవాడు జనాజాకు వచ్చాడు. చేతులు కట్టుకొని నా పక్కన నిలబడి, "గొప్ప మనిషి అన్నా. పేరు కోరని మనిషి" అన్నాడు. ఆ వాక్యం అబద్ధం. అది అబద్ధమని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆమె పేరు నేనిక్కడ రాయను. అది ఉండవలసిన చోట మొదట ఉండాలి. అక్కడికి రాకముందు ఇక్కడ రాస్తే, ఇక పని తీరిపోయిందని మా తమ్ముడు ఊపిరి పీల్చుకుంటాడు.

మేడం పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ పాఠాలు చెప్పి రిటైరైంది. నేను తెలుగు చెప్పి రిటైరయ్యాను. జీవితమంతా పుస్తకాలు చదివినవాణ్ని. శాలువాల కోసం రాసిన సంపుటాలు నా అల్మారాలో రెండు అరల నిండా ఉన్నాయి. వాటి రచయితలు ఇంకా బతికే ఉన్నారు, చదివితే చదువుకోనీ. ఆ పుస్తకాలన్నిటిలో లేని నిజాయితీ మేడం రాసిన ప్రోగ్రాంలో ఉంది. అది నాకు అర్థమయ్యేలా వివరించిన ఓపిక కూడా ఆమెదే.

సంగతి ఇది. మా సంఘానికి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలులో మూడు పఠనాలయాలు ఉన్నాయి. పుస్తకాల వివరాలన్నీ ఒక పాత డేటాబేస్‌లో ఉంటాయి. దాన్ని తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. మూడు చోట్లా పుస్తకాలు ఇచ్చి పుచ్చుకునే పని దాని మీదే నడుస్తుంది కాబట్టి దాన్ని వదిలించుకోలేము. మా తమ్ముడు కొత్త వెబ్‌సైట్ చేయించాడు. దాన్ని ఓఆర్‌ఎం అనే రకం ప్రోగ్రాం మీద కట్టారు. పుస్తకం, దాత, పాఠకుడు అని మనం మామూలుగా తలచుకున్నట్టే రాసుకుంటే, డేటాబేస్‌కు కావలసిన ప్రశ్నలన్నీ అదే తయారుచేసుకుంటుంది. కానీ దానికి నాలుగైదు పేరున్న డేటాబేస్‌లతోనే మాట్లాడటం వచ్చు. మా ముసలిదానితో మాట్లాడాలంటే మధ్యలో ఒక దుబాసీ కావాలి. ఆ దుబాసీనే డ్రైవర్ అంటారు.

"దుబాసీ సొంత మాట కలపొద్దు భాయ్‌సాబ్. చెప్పిన మాట మింగొద్దు. గంతే పని" అనేది మేడం. ఆ గంతే పనికి ఆమె రెండేళ్లు కూర్చుంది.

కిటికీ పక్కన బల్ల, బల్ల మీద సోంపు డబ్బా. తప్పు వచ్చినప్పుడు తెర మీద పడే మెసేజీని పాఠం చదివినట్టు మొదటి నుంచి చివరిదాకా పైకి చదివేది. నేను నవ్వితే, "సగం చదివినోడు సగం తప్పే దిద్దుతడు" అనేది. డేటాబేస్‌తో కలిపిన లైను పని అయ్యాక తప్పకుండా మూయాలట. మూయకపోతే ఒకదాని వెనక ఒకటి పోగుపడి, చివరికి అది ఎవరికీ పలకదట. "తెరిచినోళ్లే మూయాలె" అని డ్రైవర్‌కు నేర్పిన సూత్రాన్నే నాకూ నేర్పింది. వాళ్ల గేటు తీసి అట్లాగే వదిలేసి లోపలికి వస్తే, మళ్లీ వెనక్కి పంపి మూయించేది.

ఓఆర్‌ఎం తయారుచేసినవాళ్లే కొన్ని పరీక్షలు పెడతారు. ఏ డ్రైవరైనా వాటిలో నెగ్గాలి. ఒకరోజు మేడం డ్రైవర్ అన్నిటిలోనూ నెగ్గింది, తెరంతా పచ్చగా నిండింది. మా తమ్ముడు మిఠాయి డబ్బాతో వచ్చాడు. "అయిపాయె కద మేడం, ఇగ విడుదల చేద్దం" అన్నాడు.

ఆ సాయంత్రమే గద్వాల పఠనాలయం చూసుకునే ఆమె ఫోన్ చేసింది. కొత్త వెబ్‌సైట్‌ను అక్కడ పెట్టి చూస్తోందట. "మేడం, గుప్తదానం ఇచ్చినోళ్ల పుస్తకాలకు కూడ దాత తెల్వదు అని చూపిస్తుంది. రేపు వాళ్లొచ్చి చూస్తే ఏమనుకుంటరు? మనం మర్చిపోయినమనుకోరా?"

మరునాడు మేడం గద్వాల బస్సెక్కింది. తోడుగా నేనూ వెళ్లాను. అక్కడామె పాత తెర ముందు కూర్చుని చేసి చూపించింది. "ఎవరిచ్చిండ్రో తెల్వకపోతే దాత గడి నేను ముట్టనే ముట్ట. పేరు ఎక్కియ్యొద్దు అన్నరనుకో, ఆ గడి తెరిచి, ఏం కొట్టకుండ మూస్త. మొదటి నుంచి మా దగ్గర గిట్లనే మేడం."

"నీకు గిది ఎవరు చెప్పిండ్రు?"

"ఎవరు చెప్తరు? ఇచ్చినోళ్లకు మర్యాద ఉండొద్దా?"

మేడం నా వైపు తిరిగి పెద్దగా నవ్వింది. "చూసిండ్రా భాయ్‌సాబ్? పరీక్షలన్నీ పాసయి ఇక్కడ ఫెయిలైన." రెండు గళ్లూ చూడటానికి ఖాళీయే. కానీ గడిని తాకారా లేదా అన్నది పాత డేటాబేస్ పక్కన ఒక చిన్న గుర్తుగా దాచుకుంటుంది. మేడం డ్రైవర్ ఆ గుర్తును చదవకుండా వదిలేసింది. దుబాసీ ఒక మాట మింగేశాడన్నమాట.

మేం తిరుగు బస్సులో ఉండగా మా తమ్ముడు ఫోన్ చేశాడు. "అంత చిన్న దానికి ఆపుతరా మేడం? తారీఖు పెట్టుకున్నం." ఆమె ఒకటే అంది. "పేరు వద్దన్నోళ్లు వేరు, పేరు తెల్వనోళ్లు వేరు తమ్మీ. ఇద్దర్నీ ఒక్కటే చేసే డ్రైవర్ నేనియ్య."

విడుదల తారీఖు వెనక్కి జరిగింది. మేడం చదివే భాగం, రాసే భాగం రెండూ విప్పి మళ్లీ కట్టింది. ఈ తేడా ఇంకెప్పుడూ పోకుండా తనే ఒక కొత్త పరీక్ష రాసి, దానికి 'గద్వాల' అని పేరు పెట్టింది.

ఆ డ్రైవర్‌ను ఇవాళ ఎక్కడెక్కడి వాళ్లో వాడుకుంటున్నారు. అటువంటి పాత డేటాబేస్‌నే నమ్ముకున్న ఒక దవాఖాన మనిషి ఎక్కడో సముద్రాల అవతలి నుంచి సంఘానికి రాశాడు. రోగికి మందు వద్దని రాయడం వేరు, అసలు ఏమీ రాయకపోవడం వేరు అట. అతను ప్రయత్నించిన మిగతా డ్రైవర్లు రెండిటినీ కలిపేశాయట. గద్వాల అనే పరీక్ష చూసి దీన్ని నమ్మామన్నాడు, గద్వాల అంటే ఏమిటని అడిగాడు. నేను ఆ ఉత్తరం చదివి వినిపిస్తే మేడం సోంపు నములుతూ, "మీ తమ్ముణ్ణి జవాబు రాయమనుండ్రి. చీరెల ఊరు అని రాస్తడు" అంది. నవ్వాం. మా పాలమూరు సీమలోని ఊరి పేరును ఒక మనిషి కిటికీ పక్కన కూర్చుని అంత దూరం పంపింది. ఇంతకంటే గర్వపడే సంగతి నా ఎరుకలో లేదు.

ఇక విడుదల సంగతి. ఆ రోజు డ్రైవర్ మొదటి పేజీలో రచయిత అన్నచోట ఖాళీ. కింద సంఘం పేరు, కార్యదర్శిగా మా తమ్ముడి పేరు. వనపర్తి సభలో వాడు మైకు పట్టుకుని, "ఇది మేడం మా సంఘానికి చేసిన గుప్తదానం" అన్నాడు. శాలువా వాడి భుజం మీద పడింది. మేడం నా పక్క కుర్చీలో కూర్చుంది. చప్పట్లు కొట్టలేదు.

మరునాడు నన్ను వెంటబెట్టుకొని వాడి ఇంటికి వెళ్లింది. "నేను వద్దనలేదు కద తమ్మీ. నా పేరు రాయి."

"మీకు పేర్ల పిచ్చి లేదని నలుగుట్ల చెప్పిన మేడం. ఇప్పుడు రాస్తే బాగుంటదా? వచ్చే విడుదలకు చూద్దం."

"పిచ్చి కాదు. నేను చేసిన పని అది."

వాడు చాయ్ తెమ్మని లోపలికి కేకేశాడు. మేడం లేచింది. ఆనాటి నుంచి నేను ఆ ఇంట్లో నీళ్లు ముట్టలేదు.

ఆ తర్వాత ఎన్నో విడుదలలు వచ్చాయి. వచ్చిన ప్రతి తప్పునూ మేడమే దిద్దింది. రచయిత గడి అట్లాగే ఉండిపోయింది. "మీరే ఎక్కించుకోండి, ఆ పేజీ తాళం మీ చేతిలోనే ఉంది కదా" అని నేను పోరాను. "దొంగలెక్క నేనెందుకు ఎక్కించుకుంట? మాటిచ్చినోడే నిలబెట్టుకోవాలె. తెరిచినోళ్లే మూయాలె భాయ్‌సాబ్" అంది. ప్రతి విడుదల రోజూ మాత్రం ఆ పేజీ ఒకసారి తెరిచి చూసుకునేది. పేరు కోరని మనిషి అట్లా చూసుకోదు.

జనాజా అయిన మూడోనాడు గద్వాల వెళ్లాను. పఠనాలయంలో మేడం ఇచ్చిన ఉర్దూ పుస్తకాలు ఒక అర నిండా ఉన్నాయి. అక్కడామె వెబ్‌సైట్‌లో ఒక పుస్తకం తెరిచి తెరను నా వైపు తిప్పింది. దాత అన్నచోట మేడం పేరు, ఇంటిపేరుతో సహా, ఒక్క అక్షరం పోకుండా ఉంది. పాత డేటాబేస్ నుంచి మేడం రాసిన డ్రైవర్ గుండానే వచ్చిన పేరు.

"ఎంత సక్కగొచ్చిందో చూడుండ్రి సార్" అంది ఆమె, కొంగుతో తెర తుడుస్తూ.

డ్రైవర్ పేజీ కూడా తెరవమన్నాను. తెరిచింది. రచయిత అన్నచోట ఏమీ లేదు. ఆ గడి ఎవరూ ముట్టక ఖాళీగా ఉన్నది కాదు. దాన్ని తెరిచి, ఏమీ కొట్టకుండా మూసినవాడు మా తమ్ముడు.