పాత సెట్టులో మాటల కార్డు

నా చెవుల విషయంలో నాకు కొంచెం పొగరు ఉండేది. ఇప్పుడూ ఉందేమో గానీ, పైకి చెప్పుకునే ధైర్యం పోయింది. ఎనభైలలో నందికొండలో, వరద కబుర్లు అందుకునే గదిలో నేను వైర్‌లెస్ ఆపరేటర్‌ని. ఎగువన కృష్ణలో నీళ్లు ఎన్ని అడుగులున్నాయో ఏటి ఒడ్డు స్టేషన్లవాళ్లు చెప్పాలి. నేను రాసుకుని డ్యామ్ గేట్ల ఇంజినీరుకు ఇవ్వాలి. అప్పటికి మా సెట్లలో మాట లేదు, అంతా మోర్స్ కోడే. ఇత్తడి మీటను వేలితో నొక్కి వదులుతుంటే అవతల పొట్టి కూతలు, పొడుగు కూతలు వినబడతాయి. వాటిని అక్షరాలుగా కలుపుకోవాలి. దాన్ని మేము ‘కొట్టడం’ అనేవాళ్లం.

కట్టంగూర్‌లో మా ఇంటిల్లిపాదీ గొర్రెలు కాసినవాళ్లే. మందలో ఏదైనా అరిస్తే, అది ఏ గొర్రో తలెత్తకుండా చెప్పేవాడు మా నాయిన. ఆ చెవి నాకు వచ్చిందని నా నమ్మకం. కొట్టే తీరును బట్టి అవతల ఎవరున్నారో మొదటి అక్షరానికే పట్టేసేవాణ్ణి. ఒకాయన ఎప్పుడూ బస్సుకు ఆలస్యమైనట్టు కొట్టేవాడు. ఇంకొకాయన నిద్రపోతూ కొట్టేవాడు.

వీళ్లందరిలోకి కొల్లాపూర్ అవతల ఏటి ఒడ్డు స్టేషన్‌లో ఉండే మనిషి చెయ్యి నాకు ప్రాణం. తొణకదు, బెణకదు. ఒక్క తప్పు ఉండదు. నీటి లెక్కలు చెప్పాల్సింది చెప్పేశాక, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టేవాడు. ‘తిన్నవా అన్న’ అనేది మొదటి మాట. ఆ తర్వాత ఆగేవాడు కాదు. మీ ఇంజినీరు సారు ఇంకా లేవకపోతే చెప్పు, నీళ్లను జర ఆగుమంట అన్నాడొక రోజు. వాళ్ల మేక పక్కింటి దావత్ బిర్యానీ ఆకులు తిన్న సంగతి మూడు రోజులు సాగదీశాడు. నేను ఒక్కణ్ణే గదిలో పడీపడీ నవ్వుతుంటే, బయట కాపలా ఉన్నవాడు తలుపు తీసి చూసిపోయేవాడు. ఇంటికెళ్లి ఆ ముచ్చట్లన్నీ మా ఇంటామెకు చెప్పేవాణ్ణి. పొద్దున్నే కబుర్లు చెప్పే ఆ మనిషి ఇవాళ ఏమన్నాడని ఆమే అడిగేది.

ఆరేళ్లు అట్లా గడిచింది. మేము ఒక్కసారీ కలవలేదు. మా బిడ్డకు పుట్టువెంట్రుకలు తీసేరోజు తప్పకుండా రమ్మని వారం ముందునుంచి పిలిచాను. సరే అన్నాడు, రాలేదు. జ్వరమన్నాడు. మరోసారి నల్గొండలో ఆఫీసు పని మీద ఇద్దరం ఒకే రోజు ఉండాల్సింది, ఆ రోజూ ఏదో అడ్డం వచ్చిందన్నాడు. నాకు కోపం వచ్చింది. మీట మీద ఇంత ఆప్యాయత ఒలకబోసే మనిషి ఎదురుపడడానికి ఎందుకింత వెనకాడతాడని రెండు రోజులు ముభావంగా ఉన్నాను. మూడో రోజు మళ్లీ మేక కథ ఎత్తుకున్నాడు, నా కోపం నిలవలేదు.

అప్పుడే కొన్ని స్టేషన్లలో సెట్లకు మాట వచ్చిందని విన్నాను. సెట్టు మార్చక్కర్లేదట. అరచేయంత కార్డు ఒకటి పాత సెట్టు వెనక అమర్చి, మైకు తగిలిస్తే చాలట. నేను ఆగలేకపోయాను. కబురు తొందరగా అందుతుంది, లెక్కల్లో పొరపాట్లు తగ్గుతాయి అంటూ పై ఆఫీసుకు అర్జీ రాశాను. నా స్టేషన్‌కూ, అతని స్టేషన్‌కూ కావాలని ప్రత్యేకంగా అడిగాను. రాసినదంతా నిజమే. రాయని సంగతి ఒకటుంది. నాకు అతని గొంతు వినాలని ఉండేది. ఆ చేతికి ఎట్లాంటి గొంతు ఉంటుందోనని ఆరేళ్లుగా ఊహించుకుంటున్నాను మరి.

అర్జీ మంజూరైందని అతనికి సంబరంగా కొట్టి చెప్పాను. అవతలనుంచి చాలాసేపు ఏమీ రాలేదు. తర్వాత ‘మంచిది’ అని వచ్చింది. వాన ఎక్కువై కూత సరిగ్గా అందలేదనుకున్నాను.

నా సెట్టులో కార్డు నేనే బిగించుకున్నాను. అతని స్టేషన్‌కు పట్నం నుంచి మెకానిక్ వెళ్లాడు. కార్డు పెట్టి, ఇత్తడి మీట ఊడదీసి వెంట తీసుకుపోయాడు. మర్నాడు పొద్దున మైకు పట్టుకుని పిలిచాను. అవతల బటన్ నొక్కినట్టు, ఖాళీ సెట్టులో ఎప్పుడూ వినబడే గురగుర ఆగింది. ఊపిరి తీసుకున్నట్టు చిన్న సడి. మళ్లీ గురగుర. పదిసార్లు పిలిచినా అంతే. మాట లేదు.

రెండో రోజు అతనో ఉపాయం చేశాడు. మైకు బటన్‌నే నొక్కుతూ వదులుతూ కోడ్ కొట్టాడు. గురగుర ఆగడమే కూతగా, అడుగులూ వానా అన్నీ చెప్పేశాడు. ఎంత మొండి బటన్ మీదైనా ఆ చెయ్యి ఆ చెయ్యే. నాకు ముచ్చటేసింది. మైకు పాడైనా పని ఆపలేదు చూడమని గర్వంగా లాగ్ పుస్తకంలో రాశాను: అవతల మాట రావడం లేదు, ఆపరేటర్ బటన్‌తో నెట్టుకొస్తున్నాడు. వారం రోజులు అదే రాశాను. అతన్ని మెచ్చుకుంటున్నాననే అనుకున్నాను. అది చదివిన మా సారు, కొత్త కార్డు పెట్టినా మాట ఎందుకు రాదు, నువ్వే అడిగి తెప్పించావు గదా, పోయి చూసి రిపోర్టు రాసి తెమ్మన్నాడు. నా బదులు గదిలో ఇంకొకర్ని కూర్చోబెట్టి, ఇంకో కార్డు, ఇంకో మైకు చేతికిచ్చి బస్సెక్కించాడు.

దేవరకొండ, అచ్చంపేట, కొల్లాపూర్ మీదుగా బస్సులు మారి, చివరి మూడు మైళ్లు బురదలో నడిచి మధ్యాహ్నానికి చేరాను. సన్నటి మనిషి, నాకంటే నాలుగైదేళ్లు చిన్న. గడపలోకి వచ్చి సలాం చేసి, నా రెండు చేతులూ పట్టుకుని వదల్లేదు. కళ్లనిండా నీళ్లున్నాయి. మాట మాత్రం అనలేదు. అతని భార్య చాయ్ ఇచ్చి, తొవ్వ మంచిగుందా, పిల్లలు బాగున్నరా అని అడగాల్సినవన్నీ ఆమే అడిగింది.

సెట్టు విప్పి చూశాను. కార్డు భేషుగ్గా ఉంది. మైకు పట్టుకుని నందికొండను పిలిస్తే, నా బదులు కూర్చున్నవాడు ఒక్క పిలుపుకే పలికాడు. మైకు అతనికిచ్చి మాట్లాడమన్నాను.

అతను బటన్ నొక్కాడు. పెదాలు బిగుసుకున్నాయి. మెడ నరాలు ఉబ్బాయి, తల ఒక పక్కకు గుంజుకుపోయింది. మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయి, దాన్నే కొట్టుకుంటూ ఉండిపోయాడు. నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది, ఆ క్షణంలో కూడా నేను చూసింది మైకు వంక. తీగ ఎక్కడైనా తెగిందేమోనని.

అతని భార్య మెల్లగా వచ్చి మైకు తీసి బల్ల మీద పెట్టింది. “చిన్నప్పటి సంది గంతే అన్న,” అంది. “ఊళ్లె అందరు నత్తోడనే పిలుస్తరు. గా మీట ముంగట కూసున్నప్పుడే ఈన నత్తోడు కాదు.”

నేను సెట్టు మూత బిగిస్తూ కూర్చున్నాను. తలెత్తలేదు. అతను వచ్చి పక్కన కింద కూర్చుని, నా మోకాలి మీద చెయ్యి వేసి, మాట కోసం పెనుగులాడాడు. బయట అతని మేక రెండుసార్లు అరిచింది. నేను వినాలని ఆరేళ్లు ఆశపడ్డ గొంతు చివరికి బయటపడింది. మెత్తటి గొంతు.

“ఖ... ఖ... ఖరాబైందని రాయన్నా.”

ఒక్క ముక్క రాస్తే సరిపోయేది. రెండు కార్డులూ ఇక్కడ పనికిరాలేదు, మీట వెనక్కి పంపండి అని రాస్తే, ఆ ఏడాదికైనా అతను గట్టెక్కేవాడు. కానీ ఆ కార్డును అడిగింది నేను, దాని గొప్పలు చెప్పింది నేను. ఖరాబైందంటే మా సారు నవ్వుతాడు. కిందున్న ఊళ్ల ప్రాణాలు ఈ కబురు మీద ఉన్నాయి, అబద్ధం రాయకూడదని నాకు నేను చెప్పుకున్నాను. అది నిజమే. కానీ బటన్‌తో అతను పంపిన ఏ లెక్కా ఒక్కరోజు తప్పుపోలేదు, ఆలస్యం కాలేదు. అది అందరికంటే నాకే బాగా తెలుసు. ఆ రోజు నా మనసులో ఊళ్లు లేవు. నా మాట పోతుందన్న భయమే ఉంది.

అతని ముందే రాశాను: సెట్టు బాగుంది, మైకు బాగుంది. అతను చదివి, తల ఊపి, నన్ను బస్సు దాకా సాగనంపడానికి బురదలో మూడు మైళ్లూ నడిచి వచ్చాడు. తిట్టినా బాగుండేది.

పదిహేను రోజులకు ఆ స్టేషన్ నుంచి ఎవరో కుర్ర గొంతు గలగలా లెక్కలు చెప్పడం మొదలుపెట్టింది. లెక్కలు చెప్పి టక్కున కట్టేసేది. నేను రెండు ఉత్తరాలు రాశాను. జవాబు రాలేదు.

దీపావళి ముందర ఆఫీసు ఆర్డరు మా క్వార్టర్‌కు వచ్చింది. నాకు సీనియర్ ఆపరేటర్‌గా ప్రమోషన్. నా వరుస వరకు చదువుకుని, కాగితం మంచం మీద పడేసి, చొక్కా వేసుకుని మిఠాయికి బయల్దేరాను. గుమ్మం దాటుతుంటే మా ఇంటామె ఆ కాగితం పట్టుకుని వెనకనుంచి పిలిచింది. కింది వరుస మీద ఆమె వేలు ఉంది. కొల్లాపూర్ అవతలి స్టేషన్ ఆపరేటర్‌ను, మాట సరిగా రానందున, గోదాము చౌకీదారుగా వేస్తున్నారని ఉందక్కడ.

“రోజు పొద్దుగాల ముచ్చట్లు చెప్పేటాయన గీయనేనా?” అంది. “గింత మాట్లాడే మనిషికి మాట రాదని రాసిన్రేంది?”

ఎవరు రాశారో నేను ఆమెకు చెప్పలేదు.