తోడల్లుడి ఫ్రిజ్, దుర్గ వాషింగ్ మిషను

అంబాజీపేటలో వీరవెంకటరమణ అంటే ఎవరికీ తెలియదు గానీ, హోటల్లో బిల్లు రాగానే చెయ్యి కడుక్కోవడానికి లేచే రమణ అంటే అందరికీ తెలుసు. అలాంటి మహానుభావుడు క్రెడిట్ కార్డు వచ్చాక మారిపోయాడు. ఎవరేం కొన్నా ముందుకు ఉరికి, "ఉండండి, నేను గీకుతాను, డబ్బులు నాకివ్వండి" అనడమే పని. గీకినందుకు బ్యాంకు ఇచ్చే పాయింట్లు మాత్రం ఈయనగారివి.

కార్డు మొగుడిదైనా పగ్గాలు భార్య విజయదుర్గవి. మూడు కొట్లు తిరిగితే గానీ కందిపప్పు కొనని మనిషి. గడువులోపు బిల్లు మొత్తం కట్టెయ్యాలి, వడ్డీ అన్న మాట ఇంట్లో వినపడకూడదు. ఆవిడ ఆశంతా వాషింగ్ మిషను మీదే. అత్తగారి దుప్పట్లు, మొగుడి లుంగీలు పిండి పిండి మణికట్లు వాచిపోయాయి పాపం. దాచిన డబ్బుకి ఆ పాయింట్లు కలిస్తే దసరాకి మిషను వచ్చేస్తుంది.

ఇంతలో ఆవిడ అక్క మొగుడు, కొబ్బరికాయల వ్యాపారి సత్యనారాయణమూర్తి, ఫ్రిజ్ కొనడానికి రమణను అమలాపురం తీసుకెళ్ళాడు. కొట్లో కార్డు మీద తగ్గింపు బోర్డు చూసేసరికి మనవాడికి పూనకం వచ్చేసింది.

"ఉండండన్నయ్యగారూ, నేనిచ్చేస్తాను!"

డబ్బులు నాకివ్వండి అన్న ముక్క ఆ హడావిడిలో నోట్లోనే ఉండిపోయింది. మూర్తిగారు తీసిన నోట్లకట్ట మళ్ళీ జేబులో పెట్టేసుకుని కళ్ళు తుడుచుకున్నారు. "తోడబుట్టినోళ్ళయినా ఇలా పెట్టరండీ" అన్నారు కొట్టాయనతో. సాయంత్రానికల్లా చుట్టాలందరికీ ఫోన్లు వెళ్ళిపోయాయి.

"అడగలేకపోయేరా?" అంది దుర్గ.

"ఎలా అడగనే? దండం కూడా పెట్టేరు!"

"ఆ దండం ఉతుకుతుందా మీ లుంగీలు?"

బిల్లు గడువు రానే వచ్చింది. దుర్గ తిట్టింది, ఏడ్చింది, మిషను కోసం దాచిన డబ్బు తీసి మొత్తం కట్టేసింది.

ఫ్రిజ్ వచ్చిన సంబరంలో మూర్తిగారు చుట్టాలందరికీ భోజనాలు పెట్టారు. పనసపొట్టు కూర వడ్డిస్తుంటే ఆయనకు అభిమానం పొంగుకొచ్చింది. "అమ్మా దుర్గా, నీకేం కావాలన్నా అడుగమ్మా. మొహమాటపడకు!"

ఈ మాటకు 'మీ అభిమానం చాలండీ' అనాలి. మా వైపు అదే మర్యాద. అడిగినవాళ్ళూ లేరు, ఇచ్చినవాళ్ళూ లేరు.

"ఆయ్, వాషింగ్ మిషనండి బావగారూ," అంది దుర్గ.

విస్తళ్ళ ముందు చేతులన్నీ ఆగిపోయాయి. మూర్తిగారికి పొలమారింది. కానీ అంతమంది ముందు కాదంటే ఇంకేమన్నా ఉందా! మంచినీళ్ళు తాగి, "అంతకన్నానా తల్లీ" అన్నారు.

మర్నాడు ముగ్గురూ అదే కొట్టుకు వెళ్ళారు. మూర్తిగారు నోట్లకట్ట తీశారో లేదో, రమణ అలవాటుగా నోరు తెరిచాడు.

"ఉండండన్నయ్య..."

దుర్గ కాలు తొక్కింది. చెయ్యి చాచి బావగారి నోట్లు అందుకుని, లెక్కపెట్టి, సంచిలో వేసి జిప్పు లాగేసింది. అప్పుడు మొగుడి వైపు తిరిగింది.

"ఆయ్, ఇప్పుడు గీకండి."