జత ధరకి ఒక చెవి

ఎలక్ట్రానిక్స్ షాపులో జీతం తీసుకుంటూ, వచ్చినవాళ్లను కొనొద్దని చెప్పే సేల్స్‌మన్ భూమ్మీద బహుశా ఒక్కడే ఉంటాడు. అతన్ని షాపులో అందరూ ‘ఆగండిగారు’ అనేవాళ్లు. అసలు పేరు జీతాల రోజున తప్ప ఎవరికీ గుర్తొచ్చేది కాదు.

“ఈ టీవీ ఎలా ఉంటుందండీ?” అని ఎవరైనా అడిగితే చాలు. ఓనరు గల్లాపెట్టె దగ్గర ఉన్నాడో లేడో చూసుకుని, గొంతు తగ్గించి, “ఆగండి. ఆరు నెలలు ఓపిక పడితే దీని తాతలాంటిది వస్తుంది. అదీ ఇంతకంటే తక్కువకి” అనేవాడు.

ఇలాంటివాణ్ని ఓనరు ఎందుకు భరించాడంటే, ఆగమన్నవాళ్లంతా ఆరు నెలలయ్యాక చుట్టాలను కూడా వెంటేసుకొచ్చి ఇతని దగ్గరే కొనేవాళ్లు. “మిగతావాళ్లు పచ్చిగా అమ్ముతారు, వీడు ఊరబెట్టి అమ్ముతాడు” అని ఓనరు గొప్పగా చెప్పుకునేవాడు.

ఈ ఓపిక అతనికి ఆస్తిలాగా తండ్రి నుంచి వచ్చింది. గుమాస్తా ఉద్యోగం చేసే ఆ పెద్దమనిషి ఒకప్పుడు అప్పోసప్పో చేసి కాలిక్యులేటర్ కొన్నాడు. ఏడాది తిరక్కుండా అంతకంటే మంచిది సబ్బుల పెట్టెతో ఉచితంగా వచ్చింది. ఆ రోజు ఇంట్లో ఎవరూ అన్నం ముట్టలేదు. “కరెంటుతో నడిచేదేదైనా సరే, వయసొచ్చే కొద్దీ చవకవుతుందిరా” అని తండ్రి అన్న మాటను కొడుకు వేదవాక్కుగా తీసుకున్నాడు.

అందుకే అతని ఇంట్లో ఏదీ కొత్తది ఉండేది కాదు. ఫ్రిజ్ తలుపుకి ఇటుక ఆన్చి ఉండేది. మిక్సీ మూత మీద ఒక మనిషి పడుకుంటే గానీ తిరిగేది కాదు. ఆ ఇంటికి సమయానికి వచ్చింది పాప ఒక్కతే. ఆవిణ్నీ ఆగమనేవాడే గానీ, ఆవిడ మాట వినే రకం కాదు.

పాపను చూసుకోవడానికి అత్తగారు వచ్చింది. అతని భార్య రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేసేది. సెలవులన్నీ కాన్పుకే అయిపోయాయి. అత్తగారు చేతికి చురుకు, మాటకి ఇంకా చురుకు. చెవులు మాత్రం ఎప్పుడో రిటైరయ్యాయి. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటారు గానీ, ఆవిడ ముందు శంఖం ఊదితే “కాఫీ కావాలా బాబూ?” అనేది.

“అమ్మకి చెవి మిషన్లు కొందామండీ” అని భార్య పాప పుట్టకముందు నుంచీ పోరుతూనే ఉంది.

“ఆగు. ఇప్పుడొచ్చేవి చెవి వెనక తేలుకొండిలా ఉంటున్నాయి. వచ్చే ఏడాదికి బఠాణీ గింజంత అయిపోతాయి, సగం ధరకి” అనేవాడు. ఆ తరవాత అత్తగారి వైపు తిరిగి, పళ్లికిలించి, “ఈలోగా మనకీ కాస్త ప్రశాంతత” అని గొణిగేవాడు. ఆవిడ కూడా చక్కగా నవ్వేది.

ఇంతలో దేశం డబ్బు విలువ జారడం మొదలెట్టింది. ఏదో ఒక రోజు దబ్బున పడి ఊరుకున్నా బాగుండేది. తడి సబ్బులా రోజుకి కాస్త చొప్పున జారింది. షాపులో సరుకంతా పైదేశాలదే. ఓనరు పొద్దున్నే డాలర్ రేటు చూసుకుని షట్టర్ ఎత్తేవాడు. డబ్బు పడిన రోజున, రెండేళ్లుగా గోడౌన్లో దుమ్ము కొట్టుకుపోయిన టీవీకి కూడా కొత్త ధర అంటించేవాడు. ఎప్పుడైనా డబ్బు కొంచెం కోలుకుంటే, “అబ్బే, ఇది పాత సరుకండీ, పాత రేటుకి తెచ్చాం” అని కళ్లనీళ్లు పెట్టుకునేవాడు.

ఆగండిగారికి ఇది మింగుడు పడలేదు. “ఫ్యాక్టరీలో ధర తగ్గుతోందట. నేనే చదివాను. మరి ఇక్కడ పెరుగుతుందేమిటి?” అని భార్యను అడిగాడు.

“పైకి కదిలే మెట్ల మీద నిలబడి కిందికి దిగితే ఏమవుతుంది? మీరు దిగేది నిజమే, తేలేది పై అంతస్తులో. వస్తువు చవకవుతోంది, మన డబ్బు అంతకంటే త్వరగా చవకవుతోంది. అంతే.”

“మెట్లు ఎప్పటికైనా ఆగుతాయిగా?”

“ఆగమని మీరే చెప్పండి వెళ్లి” అంది భార్య.

అతని మాట మీద ఆగినవాళ్లు ఇప్పుడు ఒక్కొక్కరే షాపుకి దిగారు. అందరిలోకీ ముందొచ్చింది డ్రైవింగ్ స్కూల్ మాస్టారు.

“ఏం నాయనా, ఆగమన్నావు, ఆగాను. మా ఆవిడ బాల్చీ ముందు ఏడాదిపాటు ఉతికింది. బట్టల్నే కాదు, నన్ను కూడా. అప్పటి ధరకి ఇప్పుడు వాషింగ్ మిషన్ మూత వచ్చేటట్టుంది!”

“ఇంకొంచెం ఓపిక పడితే…”

“ఇంకొక్క మాటంటే బ్రేకు నేను తొక్కుతా. అదెక్కడ తొక్కుతానో నాకే తెలీదు.”

ఆ మధ్యాహ్నమే, మరిచిపోయిన టిఫిన్ బాక్స్ కోసం ఆగండిగారు ఇంటికి వెళ్లాడు. మెట్ల దగ్గరే పాప ఏడుపు వినిపించింది. మామూలు ఏడుపు కాదు. గొంతు అరిగిపోయి, గీరుకుపోయిన ఏడుపు. పరిగెత్తి చూస్తే, ఎనిమిది నెలల పాప కాలు తొట్టి కమ్మీల మధ్య ఇరుక్కుని ఉంది. ముఖం వంకాయ రంగుకి తిరిగింది. వంటింట్లో అత్తగారు ఇటు వీపు పెట్టి, తీరిగ్గా బఠాణీలు ఒలుస్తోంది.

అతను పాపను భుజాన వేసుకుని ఎదురుగా నిలబడేసరికి ఆవిడ తలెత్తి, “ఇప్పుడే చూసొచ్చాను బాబూ, హాయిగా పడుకుంది” అంది. తరవాత పాప ముఖం చూసింది. కాలి మీద ఎర్రటి గీతలు చూసింది. చేతిలో బఠాణీ కాయ అలాగే ఉండిపోయింది.

సాయంత్రం కూతురు ఇంటికొచ్చేసరికి ఆవిడ సంచీ సర్దుకుని కూర్చుంది.

“నావల్ల కాదే తల్లీ. ఇవాళ కాలు. రేపింకేదో. వినపడని మనిషి చేతిలో పసిపిల్లను పెట్టడం నీది తప్పు, పట్టుకోవడం నాది తప్పు.”

పసిపిల్లలను చూసే కేంద్రంవాళ్లు ఏడాది నిండితేగానీ తీసుకోమన్నారు. ఆవిడ వెళ్తే కూతురు ఉద్యోగం మానాలి. ఆ రాత్రి అతను “ఆదివారం దాకా ఉండండి అత్తయ్యగారూ” అని చేతులతో సైగ చేసి బతిమాలాడు.

మర్నాడే ఆవిణ్ని చెవి మిషన్ల షాపుకి తీసుకెళ్లాడు. అక్కడి అమ్మాయి పరీక్ష చేసి, రెండు చెవులకీ కావాలని, ధర చెప్పింది. పోయిన ఏడాది జతకి చెప్పిన ధర ఇప్పుడు ఒక్కదానికే.

“తగ్గే అవకాశం…” అని నోరు తెరిచి, తనే మూసుకుని, “ఒకటివ్వండి” అన్నాడు.

“ఒక్కటే పెడితే కాస్త ఇబ్బంది…” అని ఆ అమ్మాయి ఏదో చెప్పబోయింది. ఆగండిగారు బిల్లును చూసి గుటకలు మింగే పనిలో ఉండి వినలేదు.

కుడి చెవికి మిషన్ పెట్టారు. ఆవిడ ఉలిక్కిపడి, ఫ్యాన్ వైపు చూసి, “ఇదింత రొద చేస్తుందా!” అంది. తరవాత అల్లుడి వైపు తిరిగింది.

“బాబూ, ‘కాస్త ప్రశాంతత’ అనేవారుగా, అది మీ పెదాల మీద ఎప్పుడో చదివాను. గొంతు మాత్రం ఇవాళే విన్నాను. ఇంత కీచుగా ఉంటుందనుకోలేదు.”

షాపు అమ్మాయి నవ్వు ఆపుకోవడానికి బల్ల కిందికి వంగింది.

ఇబ్బందేమిటో ఇంటికెళ్లాక తెలిసింది. శబ్దం ఎటునుంచి వస్తోందో మెదడు తేల్చుకోవాలంటే రెండు చెవులూ కావాలి. ఒక్క చెవితో వినపడుతుంది గానీ దిక్కు తెలియదు. పడకగదిలో పాప కుయ్‌మంటే ఆవిడ గబగబా బాల్కనీలోకి వెళ్లి, కిందికి తొంగి చూసింది. “పడిపోయిందనుకున్నావా ఏంటమ్మా!” అని కూతురు గుండె పట్టుకుంది. సంచీ ఇంకా గుమ్మం పక్కనే ఉంది.

ఆదివారం భార్య పరీక్ష పెట్టింది. ల్యాబ్ మనిషి కదా, నోటిమాట నమ్మదు. పాప ఏడుపును అతని ఫోన్లో రికార్డు చేసి, దాన్ని ఎక్కడో దాచి మోగించాలి. పాప పడకగదిలో నిద్రపోతోంది, తలుపు చేరవేసి ఉంది. అత్తగారు హాల్లో కళ్లు మూసుకుని నిలబడాలి, ఏడుపు వినపడగానే వెతికి పట్టుకోవాలి.

మొదటిసారి ఫోన్ స్నానాలగదిలో ఉంటే ఆవిడ వంటింట్లోకి వెళ్లింది. రెండోసారి సోఫా వెనక ఉంటే వీధి తలుపు తీసింది. మూడోసారి కదలకుండా నిలబడి, తలను మెల్లగా అటూ ఇటూ తిప్పింది. ఏ వైపు తిప్పితే గట్టిగా వినపడిందో అటే నడిచి, బట్టల బుట్టలోంచి ఫోన్ తీసి అల్లుడి చేతిలో పెట్టింది. నాలుగోసారీ దొరికింది.

“ఇంకొక్కసారి. ఈసారి కష్టంగా పెట్టండి” అంది భార్య.

అతను ఫోన్‌ను వంటింట్లో గిన్నెలో పెట్టి, పైన మూత బోర్లించి వచ్చాడు. ఏడుపు మొదలైంది. కాసేపు ఆగి, మళ్లీ మొదలైంది. అత్తగారు తల తిప్పింది, ఆగింది, తిన్నగా పడకగదిలోకి వెళ్లింది.

“తప్పు!” అన్నాడు ఆగండిగారు, ఉసూరుమంటూ. “వంటింట్లో ఉందండీ అత్తయ్యగారూ, వంటింట్లో!”

భార్య వంటింట్లోకి వెళ్లి మూత తీసింది. ముసలి ఫోన్ చార్జింగ్ అయిపోయి, నల్లగా, నోరు మూసుకుని పడి ఉంది. ఇద్దరూ ముఖాలు చూసుకున్నారు. ఏడుపు ఇంకా వినిపిస్తూనే ఉంది.

అత్తగారు పాపను ఎత్తుకుని, వీపు నిమురుతూ బయటికొచ్చింది.

“మీ ఆటలు మీరాడుకోండి గానీ, పిల్ల తడిపేసింది. పొడిగుడ్డ ఒకటి ఇలా పడేయండి” అంది. గుడ్డ అందుకుని, మార్చి, అప్పుడు అల్లుడి వైపు చూసింది. “రెండో చెవి ఎప్పుడు కొంటారో మీ ఇష్టం బాబూ. అమ్మాయిని మాత్రం రేపటినుంచి డ్యూటీకి వెళ్లమనండి.”