గడ్డి మిషన్ పెట్రోలు

మా దీవిలో ఓక్‌బున్ వదినను మొండిఘటం అంటారు. అన్నయ్య పోయాక తనే పడవ నడుపుతూ, సముద్రంలో మునిగి నత్తలు ఏరి బతుకుతోంది. ఇంజన్ కోసం పెట్రోలులో కలిపే నూనె దగ్గర మాత్రం ఆమెతో వేగడం కష్టం. పడవ ఇంజన్ నూనె తప్ప మరొకటి ముట్టదు. యాభై పాళ్ళ పెట్రోలుకు ఒక పాలు నూనె, అదీ కొలిచి పోస్తుంది.

"కూరలో ఉప్పు కూడా ఇంత కొలవవు కదా వదినా," అని ఎన్నిసార్లు ఏడిపించానో.

పోయినేడు, పెద్దల్ని తలుచుకునే చూసోక్ పండక్కి ముందు, పెద్దల సమాధుల మీద గడ్డి కోయడానికి ఇద్దరం ఎదురు దీవికి వెళ్ళాం. పని అయ్యాక గడ్డి మిషన్ కోసం కలిపిన పెట్రోలు మిగిలింది. పారబోయడానికి మనసొప్పలేదు. అదీ నూనె కలిపిన పెట్రోలే కదా అని, అన్నయ్య సమాధికి వదిన మొక్కుతుండగా పడవ ట్యాంకులో వంపేశాను.

సగం దారిలో ఇంజన్ తెల్లటి పొగ కక్కి, దగ్గి, ఆగిపోయింది. అప్పటికే సముద్రం వెనక్కి తీసే పాటు మొదలైంది. నీళ్ళు మమ్మల్ని రాళ్ళ వైపు లాగుతున్నాయి.

"ఏం పోశావు దల్సూ?"

"గడ్డి మిషన్‌ది కాస్త మిగిలితే..."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది. అది గాలికి చల్లారే మిషను, ఇది నీళ్ళకి చల్లారేది. దాని నూనె వేరు. పైగా రెండింతలు కలుపుతారు. ప్లగ్గు మసి పట్టేసుంటది."

అంతకు మించి తిట్టలేదు. అది నన్ను ఇంకా భయపెట్టింది. ప్లగ్గు విప్పి, కత్తి మొనతో గీకి, తలగుడ్డతో తుడిచి బిగించింది. నేను ఇంజన్ తాడు లాగాను. ఇంజన్ దగ్గి చచ్చింది. మళ్ళీ విప్పింది. రాళ్ళ మీద అలల చప్పుడు దగ్గరైంది. మూడోసారి గీకి బిగించింది.

"ఈది వెళ్ళగలమా వదినా?"

"నేను వెళ్ళగలను. నీకు ఈత రాదుగా. లాగు."

దీవిలో పుట్టీ ఈత రానివాణ్ణి నేనొక్కణ్ణే. ఏడుస్తూ లాగాను. ఇంజన్ అందుకుంది.

రేవు చేరాక కూడా వదిన పడవలోంచి లేవలేకపోయింది. చెయ్యిచ్చాను.

"నీకూ భయం వేసిందా వదినా?"

"వేసింది. నిన్నొదిలేసి ఎక్కడ దూకేస్తానో అని."