చెల్లెలి పక్కన ఇసుక గుంట

మోకాళ్ల నొప్పులకు ఈ మధ్య నువ్వుల నూనె వెచ్చచేసి రాసుకుంటున్నాను. ఆ వాసన తగలగానే మా చెల్లెలు సువార్త ఎడమకాలు గుర్తొస్తుంది. దాని వెనకే నా కుళ్లు.

డెబ్బైల్లో మేం విజయవాడ వన్ టౌన్‌లో కొండవాలు ఇంట్లో ఉండేవాళ్లం. పోలియో వచ్చి సువార్త కాలు సన్నబడిపోయింది. వేసవిలో కృష్ణ పాయలుగా చీలిపోయి, పుచ్చపాదులు పాకిన ఇసుక మేటలు పెనంలా కాలుతుంటే, ఎండ వాలే వేళకు నాన్న తనను భుజాల మీద కూర్చోబెట్టుకుని అక్కడికి తీసుకెళ్లేవాడు. నడుముదాకా గుంట తీసి, అందులో నిలబెట్టి, పైపైన కాలిన ఇసుకను చేతులతో లాగి చుట్టూ నింపేవాడు. సత్తువలేని కాళ్లకు అది మంచిదని మా పేటలో అందరి నమ్మకం. తర్వాత ముంజెలు కొనిచ్చి, మళ్లీ భుజాల మీదే ఇంటికి. అమ్మ నూనె కాచి ఆ కాలే మర్దించేది. క్రిస్మస్‌కు అందరికంటే ముందు కుట్టేది తన గౌనే, అరిసెల్లో మెత్తటిది తనకే. గోళీలాటలో పేటంతా గెలిచొచ్చినా నన్ను చూసేవాళ్లు లేరు. నాక్కావలసింది ఆ భుజాలు.

ఒకరోజు పొద్దుట్నుంచీ కుంటడం మొదలుపెట్టాను.

"ఏంట్రా, నీకేమొచ్చింది?" అన్నాడు నాన్న.

"కాలు లాగేస్తోంది నాన్నా."

"అయితే నువ్వూ పద."

భుజాల మీంచి సువార్త కిందికి వంగి చూసింది. "పొద్దున ఎడంకాలు కదా అన్నయ్యా కుంటింది, ఇప్పుడు కుడికాలా?"

మేట మీద నాన్న సువార్త పక్కనే నాకో గుంట తవ్వాడు. ఇసుక తొడలకు తగలగానే ప్రాణం పోయినంత పనైంది.

"కదలకు. కదిలితే ఇంకా కాలుద్ది," అంది నాకంటే రెండేళ్లు చిన్నది, చెమటలు కారుతుంటే నవ్వుతూ.

నేను గగ్గోలు పెట్టాను. నాన్న నన్ను పైకి లాగి, భుజాలకెత్తుకుని నీళ్ల దగ్గరికి నడిచాడు. కోరుకున్నది దొరికింది. అంత ఎత్తు నుంచి వెనక్కి చూస్తే, చెల్లెలు ఒక్కతే పెదవులు బిగించి ఇసుకలో నిలబడి ఉంది. నాన్న భుజాల మీదున్న సంబరం ఒక్కసారిగా చప్పబడిపోయింది. నా దగ్గర లేనిదేదో తన దగ్గరుంది. కుళ్లు తగ్గలేదు, ఇంకా లోతుకు దిగింది.

ఆ కాలు పూర్తిగా బాగుపడలేదు. కుంటుతూనే చదివి టీచరైంది, పిల్లల్ని పెంచింది, భర్త పోయినప్పుడూ అలాగే నిలబడింది. రెండు కాళ్లూ చక్కగా ఉన్న నేను తోటివాళ్ల ప్రమోషన్లకూ పక్కవాళ్ల మేడలకూ కుమిలిపోతూ బతికాను.

ఇప్పుడా మేటలు లేవు, పుచ్చపాదులు లేవు, నాన్నా లేడు. మొన్న ఇబ్రహీంపట్నంలో సువార్త ఇంటికెళ్లినప్పుడు చెప్పేశాను, చిన్నప్పుడు నీ మీద కుళ్లుకుని చచ్చేవాణ్ణని.

"తెలుసులే," అంది. "నాకూ నీ ఏడుపు మీద కుళ్లే అన్నయ్యా. ఎన్నిసార్లు ఏడవాలనిపించిందో! ఏడిస్తే నాన్న ఇంక తీసుకెళ్లడేమోనని భయం."

నవ్వుతూనే అంది. అంటూనే, నేనెరిగిన ఇన్నేళ్లలో మొదటిసారి, వెక్కివెక్కి ఏడ్చింది. పక్కన కూర్చుని ఓదార్చవలసినవాణ్ణి, అంత నిండుగా నేనెప్పుడూ ఏడవలేదే అని కాస్త అసూయపడ్డాను.