ముందు గిత్త పేరు

మా బాబాయ్ పోయాడు. మంగళవారం పొద్దున చెత్త డబ్బా రోడ్డు వారగా పెట్టి వచ్చి, గుమ్మంలో కూర్చుని బూట్లు విప్పుకుంటూ అలాగే పక్కకి ఒరిగిపోయాడట. నేను ఆఫీసులో మీటింగ్‌లో ఉన్నాను. పిన్ని ఫోన్ చేసి, "మీ బాబాయ్ మాట్లాడట్లేదే" అంది. ఆ మాట వినగానే కారు తాళాలు తీసుకుని బయటికి పరిగెత్తాను. ఆయన మాట్లాడకుండా ఉండటం మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

సాయంత్రానికల్లా మా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో సంతాపం వచ్చేసింది. "మృదుస్వభావి, మితభాషి, అజాతశత్రువు" అని. ఎవరు పోయినా పెట్టే మెసేజే అది, పేరొక్కటీ మారుస్తారు. చదివి నాకు ఒళ్ళు మండిపోయింది. మితభాషి అట! ఇక్కడ న్యూజిలాండ్‌లో, మా హామిల్టన్ చుట్టుపక్కల ఏ పశువుల రైతునైనా అడగండి, మా బాబాయ్ ఎంత మితభాషో చెబుతారు. అజాతశత్రువు అట! ఆయనతో పోట్లాడని మనిషి ఆ గ్రూపులోనే లేడు. పోయినవాళ్ళని మంచివాళ్ళని చేసే తొందరలో మా బాబాయ్‌ని ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషిగా మార్చేస్తుంటే నేను చూస్తూ ఊరుకోను. అందుకే ఇది రాస్తున్నాను.

ఆయన మా నాన్నకి తమ్ముడు. ఒంగోలు నుంచి ఐటీ ఉద్యోగం మీద ఇక్కడికొచ్చి సెటిల్ అయ్యాడు. నేను చదువుకోవడానికి వచ్చినప్పుడు వాళ్ళింట్లోనే ఉన్నాను. వారమంతా పాల కంపెనీల కంప్యూటర్లు చూసుకునేవాడు. వేసవి వచ్చిందంటే చాలు, శనివారాలు గిత్తల స్వారీ పోటీల్లో మైకు పట్టుకునేవాడు. అవును, మీరు సరిగ్గానే చదివారు. కుమ్మే గిత్త వీపు మీద ఒంటి చేత్తో తాడు పట్టుకుని ఎనిమిది సెకన్లు కూర్చునే పోటీ. దానికి వ్యాఖ్యాత మా బాబాయ్.

అందులోకి ఎలా దిగాడో చెబుతాను. అప్పట్లో అది పోటీ కూడా కాదు, ఒక రైతు పొలంలో సరదా. చుట్టూ ఇనప కంచె, కూర్చోవడానికి గడ్డి మోపులు, ట్రక్కు వెనక ఒక స్పీకరు. పొద్దున్నే పాలు పితికేసి వచ్చిన కుర్రాళ్ళే స్వారీ చేసేవాళ్ళు. ఆఫీసు ఫ్రెండుతో కలిసి చూడ్డానికి వెళ్ళిన బాబాయ్, స్పీకరు గరగరలాడుతుంటే ఊరుకోలేక వైరు సరిచేయడానికి ట్రక్కెక్కాడు. మైకు పట్టాల్సిన మనిషి రాలేదు. వైరు సరిచేసినాయన మైకు మళ్ళీ ఎవరికీ ఇవ్వలేదు, అంతే.

ఒంగోలు వైపు బండలాగుడు పందేలు చూసినవాళ్ళకి తెలుస్తుంది. అక్కడ మైకులో ముందు గిత్తల సంగతి చెబుతారు. అవి ఎవరివి, ఎక్కడివి, పోయిన పందెంలో ఎలా లాగాయి. తోలేవాడి సంగతి తరవాత. బాబాయ్ చిన్నప్పుడు ఆ మైకుల కింద తిరిగినవాడు. ఆ అలవాటు ప్రకారం ట్రక్కు మీద నుంచి ముందు గిత్త పేరు, దాని గుణం, ఆ పైన కుర్రాడి పేరు చెప్పాడు. జనం మొదట నవ్వారట. ఆట ముగిసేసరికి గిత్తల పేర్లు పిలుస్తూ అరిచారట.

అప్పటికి సగం గిత్తలకి పేర్లే లేవు, చెవికి తగిలించిన నంబర్లే. గిత్తల్ని పెంచే ఒక పెద్దావిడ ఉండేది, ఇక్కడి కీవీ మనిషి, మాటంటే మాటే. "నంబరుతో అయితే నేను పిలవను" అని బాబాయ్ ఆవిడ దగ్గర మొండికేశాడు. "అయితే నువ్వే పెట్టు" అందావిడ. ఎర్రటి కొత్త గిత్త ఒకటి, ఎవరు దగ్గరికెళ్ళినా తల ఊపేది. అంతకు ముందువారమే ఆవిడ మా ఇంటికి భోజనానికి వచ్చి, పిన్ని వద్దంటున్నా గోంగూర పచ్చడి చెంచాడు నోట్లో వేసుకుని, కళ్ళ నీళ్ళు కారుతున్నా ఇంకా పెట్టమంది. దాంతో గిత్తకి పేరు దొరికింది. ఆ గిత్త గోంగూర అయింది. ఈ వైకాటో ప్రాంతంలో పుట్టి పెరిగిన కుర్రాళ్ళు, ఒక్క ముక్క తెలుగు రానివాళ్ళు, గొంతు చించుకుని "గోంగూరా!" అని అరిచేవాళ్ళు. పిన్ని మాత్రం ఎప్పుడూ వెళ్ళేది కాదు. "నా పచ్చడి పేరు పశువుకి పెట్టారు, ఇంకేం చూడమంటారండీ?" అని మూతి తిప్పుకునేది.

ఏళ్ళు గడిచేకొద్దీ ఆ సరదా కాస్తా ఆటైంది. ఒక్కో ఊళ్ళో విడివిడిగా జరిగేవాటన్నిటినీ కలిపి ఒకే సిరీస్ చేశారు. వేసవంతా పాయింట్లు కూడుతూ వెళ్ళి చివర్లో ఫైనల్. ఆ లెక్కలకి కంప్యూటర్ ప్రోగ్రాం రాసింది బాబాయే. అప్పుడే నాకు మార్కుల సంగతి విడమరిచి చెప్పాడు. వందలో యాభై కుర్రాడివి, యాభై గిత్తవి. ఎనిమిది సెకన్లలోపు పడిపోతే కుర్రాడికి సున్నా. పడేసిన గిత్తకి మాత్రం దాని మార్కులు దానికి వస్తాయి. "సగం ఆట దానిది అయినప్పుడు సగం పేరూ దానిదే. పడ్డవాడి పేరు ఊరంతా చెప్పుకుంటుంది, పడేసిందెవరో కూడా చెప్పండ్రా!" అనేవాడు. ఈ మాట నేను ఎన్నిసార్లు విన్నానో!

తరవాత హెల్మెట్లు వచ్చాయి, పక్కటెముకలు కాపాడే కోట్లు వచ్చాయి. పాతకాపులు కొందరు టోపీ తియ్యబోమని భీష్మించుకున్నారు. బాబాయ్ మైకులోనే, "టోపీ చాలా బాగుంది నాయనా, కింద తలకాయ కూడా ఉంచుకో" అన్నాడు. మొహం మాడ్చుకుని వెళ్ళి హెల్మెట్ పెట్టుకొచ్చాడు ఒకాయన. ఇంకోసారి ఒక గిత్త కుంటుతుంటే యజమాని చూడనట్టు ఊరుకున్నాడు. బాబాయ్ ఊరుకుంటాడా? "ఇవాళ ఈయనకి ఒంట్లో బాగాలేదు, ఇంటికి పంపించండి" అని జనం అందరి ముందూ చెప్పేశాడు. పెద్ద గొడవైంది. ఆ గొడవ తరవాతే ప్రతి గిత్తనీ పశువైద్యుడు చూశాకే ఆటలోకి దింపాలని రూలు పెట్టారు. అజాతశత్రువట!

మనవాళ్ళ దగ్గర మాటలు పడలేదనుకోకండి. ఆక్లాండ్ వైపు న్యూ లిన్‌లో ఉగాదికి కలిసినప్పుడు బోటనీ డౌన్స్ నుంచి వచ్చిన ఒక అంకుల్, అందరూ వింటుండగా, "నందికి మొక్కే వాళ్ళం, దాని వీపెక్కి ఆడుకోవడమేంటండీ?" అన్నారు. "మీ నడుముకున్న బెల్టు దేంతో చేశారో కనుక్కుని రండి, అప్పుడు మాట్లాడుకుందాం" అన్నాడు బాబాయ్. ఆయన పులిహోర ప్లేటు వదిలేసి వెళ్ళిపోయారు. నిజం చెప్పాలంటే ఆ ప్రశ్న తప్పు కాదు. ఈ ఆట నాకిప్పటికీ పూర్తిగా మింగుడుపడదు. తిరిగొచ్చేటప్పుడు కారులో నేనూ అదే అడిగాను. బాబాయ్ ముందు రేడియో ఆపేశాడు. తరవాత, "నేను మానేస్తే ఆట ఆగుతుందంటే ఇవాళే మానేస్తానమ్మాయ్. ఆగదు. అక్కడ దాని తరఫున నోరున్నవాడు ఒకడుండాలి" అన్నాడు.

ఆ తరవాత ఆస్ట్రేలియా నుంచి, బ్రెజిల్ నుంచి స్వారీ చేసేవాళ్ళు రావడం మొదలైంది. గడ్డి మోపులు పోయి పెద్ద షెడ్డు, రంగు లైట్లు, పొగ, చెవులు చిల్లులు పడే పాటలు వచ్చాయి. పొలంలో దొరికిన గిత్త కాకుండా ఆట కోసమే పెంచిన గిత్తలు వచ్చాయి. ఇవేవీ బాబాయ్‌కి ఇబ్బంది కాలేదు. "ఎదగనివ్వండి, ఎదిగితేనే గిత్తలకి మంచి మేత, మంచి డాక్టరు" అనేవాడు. ఫోనుల్లో లైవ్ వస్తుంటే ఒంగోల్లో ఉన్న తన స్నేహితులందరికీ లింకు పంపేవాడు, చూడకపోతే మళ్ళీ ఫోన్ చేసి తిట్టేవాడు.

రెండేళ్ళ కిందట ఆక్లాండ్ నుంచి కొత్త మేనేజరు వచ్చాడు. కుర్రాడు, మర్యాదస్తుడే. బాబాయ్‌ని కాఫీకి పిలిచి మెల్లగా చెప్పాడట. లైవ్‌లో టైం తక్కువ, ఇకనుంచి స్వారీ చేసేవాడి పేరు, స్కోరు మాత్రమే చదవాలి. గిత్తల మార్కులు జడ్జీల దగ్గరే ఉంటాయి. ఇక పేర్లంటారా, అవి స్పాన్సర్లకి ఇచ్చేశాం. గోంగూరని టైర్ల కంపెనీ తీసుకుంది. ఇకనుంచి అది ఆ కంపెనీ వారి ఏడో నంబర్.

బాబాయ్ ఇంటికొచ్చి భోంచేయలేదు. పిన్ని, "పోనీలెండి, ఏడు అంటే మాత్రం దానికి తెలుస్తుందా?" అంది. "దానికి తెలియకపోతే నాకు తెలుస్తుంది కదా!" అని అరిచాడు. ఆ శనివారం మైకు పట్టుకుని, మొదటి గిత్త నుంచి చివరి గిత్త దాకా ఒక్క పేరూ వదలకుండా అన్నీ చదివాడు. మార్కులూ చదివాడు. మర్నాడు మైకు తీసేసుకున్నారు.

అందరూ అనుకున్నారు, ఇక ముసలాయన తోక ముడిచి ఇంట్లో కూర్చుంటాడని. నేనూ అలాగే అనుకున్నాను. తరవాతి శనివారం మడత కుర్చీ ఒకటి కారులో పడేసుకుని, టికెట్ కొనుక్కుని వెళ్ళి ముందు వరసలో కూర్చున్నాడు. స్పీకర్లో "ఏడో నంబర్" అనగానే లేచి, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని, "గోంగూరా!" అన్నాడు. మైకు లేదు, వట్టి గొంతే. మొదట్లో పక్కనున్నవాళ్ళు విసుక్కున్నారు. మేనేజరు వచ్చి బతిమాలాడు. "టికెట్ మీద అరవకూడదని రాసుందా బాబూ?" అన్నాడు బాబాయ్. రెండు వేసవులు అలాగే అరిచాడు. ప్రతి శనివారం గొంతు పోయి ఇంటికొచ్చేవాడు, పిన్ని తిట్టుకుంటూ మిరియాల పాలు కాచి ఇచ్చేది.

గోంగూరకి ఒక అలవాటుంది. మీదున్నవాణ్ణి పడేశాక మిగతావాటిలా గేటు వైపు పరిగెత్తదు. ఆట స్థలం మధ్యలో నిలబడి చెవులు రిక్కిస్తుంది. "మార్కులు వినకుండా కదలదు" అని బాబాయ్ మైకులో ఆటపట్టించేవాడు. మార్కులు చదవగానే నింపాదిగా నడిచి వెళ్ళిపోయేది. చదవడం మానేశాక దాన్ని బయటికి పంపడానికి ఇద్దరు మనుషులు అరవాల్సి వచ్చేది.

అంత్యక్రియలైన కొన్నాళ్ళకి ఫైనల్ వచ్చింది. మేనేజరు ఇంటికొచ్చి, పూలు పెట్టి, ఆట మొదట్లో స్క్రీన్ మీద బాబాయ్ ఫోటో వేసి ఒక నిమిషం మౌనం పాటిస్తామన్నాడు. పిన్ని అతనికి కుర్చీ చూపించింది. తరవాత నన్ను ఇంగ్లీషులో చెప్పమంది. "ఆయన బతికుండగానే మీరు మౌనంగా ఉండమన్నారు, ఆయన ఉండలేదు. ఇప్పుడు పోయాక పాటించేదేంటి? ఆ నిమిషం వద్దు. ఒక్కసారి గిత్తల పేర్లు చదవండి చాలు." నేను ఒక్క ముక్క కూడా మెత్తబరచకుండా చెప్పాను. మేనేజరు తలొంచుకుని, స్పాన్సర్లతో కాగితాలు రాసుకున్నామని, తన చేతుల్లో లేదని అన్నాడు. "సరే బాబూ, కాఫీ తాగి వెళ్ళు" అంది పిన్ని.

ఫైనల్ రోజు మధ్యాహ్నం చూస్తే పిన్ని ఆకుపచ్చ చీర కట్టుకుని, స్వెట్టర్ వేసుకుని, మడత కుర్చీ చంకలో పెట్టుకుని కారు పక్కన నిలబడింది. "పద, డ్రైవ్ చెయ్" అంది. అన్నేళ్ళలో మొదటిసారి ఆవిడ అక్కడికి రావడం. ముందు వరసలో, ఆయన కూర్చునే చోటే కుర్చీ వేసుకుంది. లైట్లకి, పాటలకి కళ్ళు చిట్లించుకుని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. గిత్తలు ఒక్కొక్కటే వస్తున్నాయి, నంబర్లతో. పిన్ని నోరు విప్పలేదు. భయపడిందేమో, ఇక ఇంతేనేమో అనుకున్నాను. నాకు ఏడుపు ముంచుకొచ్చింది.

అప్పుడు స్పీకర్లో టైర్ల కంపెనీ పేరు, ఏడో నంబర్ అన్నారు. పిన్ని నా చెయ్యి వదిలేసి లేచింది. రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుంది, అచ్చం ఆయన పెట్టుకున్నట్టే. "గోంగూరా!" అంది. నలభై ఏళ్ళు ఏవండీ అని తప్ప గొంతెత్తి పిలవని మనిషి! అవతలి వైపు నుంచి గిత్తల పెద్దావిడ లేచి అందుకుంది. తరవాత ఎవరు ఎక్కడ లేచారో నాకు తెలియదు. షెడ్డంతా "గోంగూరా! గోంగూరా!" అని ఊగిపోయింది. పాట వినపడలేదు, స్పీకరు వినపడలేదు. గేటు తెరిచారు. పైనున్న బ్రెజిల్ కుర్రాడు ఎనిమిది సెకన్లలో సగం కూడా నిలవలేదు.

స్క్రీన్ మీద సున్నా పడింది. గోంగూర మధ్యలో నిలబడింది. చెవులు రిక్కించింది. బయటికి పంపాల్సిన ఇద్దరూ కదల్లేదు. జనం ఒక్కొక్కరే అరవడం ఆపేశారు. స్పీకరు ఏమీ చెప్పలేదు. అంత పెద్ద షెడ్డులో గిత్త రొప్పడం ఒక్కటే వినిపిస్తోంది. పిన్ని ఇంకా నిలబడే ఉంది.

కంచె మీద కూర్చున్న జడ్జీ ఒకాయన, తెల్ల మీసాలాయన, గడ్డి మోపుల కాలం నుంచి ఉన్నవాడు, మేనేజరు వైపు ఒకసారి చూశాడు. టోపీ తీసి పక్కన పెట్టాడు. మైకు లేకుండా, వట్టి గొంతుతో, "గోంగూర, నలభై ఆరు!" అని అరిచాడు.

గోంగూర తల ఒకసారి ఊపి, వెనక్కి తిరిగి, ఎవరూ తరమకుండానే గేటు వైపు నింపాదిగా నడిచి వెళ్ళిపోయింది.