నట్టనడుమ స్తంభం

మా తోడల్లుడు వంతెనలు గీస్తాడు. నేను అవి సరిగా ఉన్నాయో లేదో చూస్తాను. నా కడుపుమంటంతా ఈ రెండు ముక్కల్లోనే ఉంది గానీ, కాస్త విడమరచి చెప్పకపోతే ఎవరికీ అర్థం కాదు.

నేను పుదుచ్చేరిలో ఒక గవర్నమెంటు ఆఫీసులో ఇంజనీరుని. బయటి డిజైనర్లు పంపిన డ్రాయింగులు నా బల్ల మీదికి వస్తాయి. బరువులు మళ్ళీ లెక్కగట్టి, తప్పులుంటే ఎర్ర పెన్సిల్‌తో గుర్తుపెట్టి పైకి పంపడం నా పని. ఇరవయ్యేళ్ళుగా అదే చేస్తున్నాను. ఈ ఊళ్ళో నేను స్వయంగా గీసినవంటూ ఉన్నవి మూడు కల్వర్టులు, ఒర్లియంపేటలో మురుగుకాలువ మీద ఒక కాంక్రీటు పలక. ఆ పలక మీద ఇప్పుడు ఇడ్లీబండి నిలబడుతుంది.

అతను నా భార్య చెల్లెలి మొగుడు, నాకంటే తొమ్మిదేళ్ళు చిన్న. ఒక ప్రైవేటు డిజైన్ ఆఫీసులో పని. మా మామగారిది విల్లియనూరు. ఎన్ని తరాల కిందట తెలుగుసీమ నుంచి ఈ అరవదేశం పక్కకొచ్చి సేద్యం మొదలుపెట్టారో వాళ్ళకే తెలియదు. తెలుగు చదవడం ఎప్పుడో పోయింది గానీ, పెద్దల్లుడి మర్యాద మాత్రం ఆ ఇంట్లో ఇప్పటికీ చెక్కుచెదరలేదు. మొదటి ఆకు నాకే వేస్తారు. నేను కూర్చునేదాకా చిన్నల్లుడు కూర్చోడు. నేను ఒక మాట అన్నాక దానికి అతను ఎదురు చెప్పడు. అంతా బాగానే ఉంది. కాకపోతే ఆకు నాకు వేసి, మాటలు అతనితో మాట్లాడేవాడు మా మామగారు. కింద ఏమీ లేకుండా వంతెన అంత దూరం ఎట్లా పోతుంది, గాలికి ఊగదా, లారీ ఎక్కితే వంగదా అని అతన్ని అడిగి అడిగి చెప్పించుకునేవాడు. నన్ను అడిగేది ఒక్కటే, ఇంకొంచెం సాంబారు పోయమంటారా అని.

రెండేళ్ళ కిందట అతని డ్రాయింగు ఒకటి నా బల్ల మీదికే వచ్చింది. ఊరికి దక్షిణాన, చేపల పడవలు సముద్రంలోకి పోయే ఒక ఉప్పుటేటి పాయ మీద నడిచి దాటే వంతెన అది. అవతలి ఒడ్డు ఆడవాళ్ళు చేపల గంపలు నెత్తిన పెట్టుకుని చుట్టూ తిరిగి రాలేక, ఏళ్ళ తరబడి అడిగి సాధించుకున్నారు. కాగితం విప్పాను. విప్పి, పక్కన పెట్టిన టీ చల్లారిపోయేదాకా చూస్తూనే ఉన్నాను.

ఒకే ఒక స్తంభం. అదీ మధ్యలో కాదు, ఇవతలి గట్టుకి దగ్గరగా. అక్కణ్ణుంచి దూలం ఒకవైపు పొట్టిగా గట్టు మీదికి, రెండోవైపు పొడుగ్గా నీళ్ళన్నీ దాటి అవతలికి పోతుంది. పొడుగు వైపు బరువుకి పొట్టి కొస పైకి లేవాలి కదా, లేవకుండా గట్టు లోపల ఒక కాంక్రీటు దిమ్మ పెట్టాడు. బయటికి కనబడదు. స్తంభం మీద దూలాన్ని వంచే బలం ఎక్కువ కాబట్టి అక్కడ మందంగా ఉంది, ముందుకు పోయేకొద్దీ సన్నబడింది. లెక్క ఎక్కడ ఎంత అడిగితే అక్కడ అంతే ఇచ్చాడు, అలంకారానికని ఒక్క గీత గియ్యలేదు. పక్క కమ్మీలు కూడా గంపెత్తుకున్న మనిషి మోచేతికి తగలకుండా కొంచెం బయటికి వంచాడు. పాడుగాను, ఎంత బాగుందో! అది నేను గియ్యాల్సింది అనుకున్నాను. నా వల్ల అయ్యేది కాదని కూడా ఆ క్షణమే తెలిసింది.

మూడు రోజులు తప్పు కోసం వెతికాను. కోడిగుడ్డుకి ఈకలు పీకడమంటే ఏమిటో ఆ మూడు రోజులు చేసినవాడికే తెలుస్తుంది. వంతెన నిండా జనాన్ని నిలబెట్టి లెక్కేశాను, తుపాను గాలి పెట్టి లెక్కేశాను, అందరూ ఒకే అడుగు వేస్తూ నడిస్తే ఊగుతుందేమోనని చూశాను. ఏమీ దొరకలేదు. నాలుగో రోజు ఎర్ర పెన్సిల్ తీసి స్తంభం చుట్టూ సున్నా చుట్టాను. స్తంభాన్ని మధ్యకు జరిపి దూలాన్ని రెండు సమాన భాగాలు చేయాలి, కట్టడం సులువవుతుంది అని పక్కన రాశాను. అది అబద్ధం కాదు. రెండు సగాలూ ఒకే అచ్చులో పోయొచ్చు, గట్టు లోపల దిమ్మ అక్కర్లేదు. ఏ ఇంజనీరూ నన్ను తప్పు పట్టడు. స్తంభం ఆ పక్కకు ఎందుకు జరిగిందని ఒక్క ఫోన్ చేసి అడగొచ్చు, పాయ లోతులు కొలిచిన కాగితాలు తెప్పించుకోవచ్చు. రెండూ చెయ్యలేదు.

మామూలుగా డిజైనర్లు ఎర్ర గుర్తు చూస్తే ఊరుకోరు. వచ్చి బల్ల ముందు కూర్చుని గంటలకొద్దీ వాదిస్తారు. సగం సార్లు నేనే తగ్గుతాను, పని నడిచేదే అలాగ. ఇతనూ వచ్చాడు. కుర్చీ చూపించాను, కూర్చోలేదు. ఆఫీసులో కూడా నేను పెద్దల్లుణ్ణే. ఎర్ర సున్నా మీద వేలు పెట్టాడు.

"కంబం ఆడ పెట్టాల్నా అన్నా?" అన్నాడు.

"ఆ. ఏం, ఏమన్నా ఉండాదా?"

ఏదో చెప్పబోయాడు. "ఏం లేదన్నా. మీరు జెప్తే సరే" అని కాగితం చుట్టుకుని వెళ్ళిపోయాడు.

వాదించి ఉంటే ఒప్పుకునేవాణ్ణే కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అతను వాదించడని తెలిసే రాశాను. ఈ ఒక్క వాక్యం కాగితం మీద పెట్టడానికి నాకు ఇన్నాళ్ళు పట్టింది.

ఆ తర్వాత ఒక ఆదివారం పొద్దున చేపలు కొనడానికి ఆ ఒడ్డుకే వెళ్ళాను. పాయ నిండా ఎప్పుడూ నీళ్ళుంటాయనే అనుకున్నాను. నేను వెళ్ళింది ఆటు వేళ, సముద్రం నీళ్ళు వెనక్కి తీసే వేళ. అటూ ఇటూ బురద తేలిపోయి, నడుమ ఒక్క సన్నటి దారి మాత్రం లోతుగా మిగిలింది. సముద్రం నుంచి వచ్చే పడవలు ఒకదాని వెనక ఒకటి ఆ దారినే వస్తున్నాయి. కాగితం మీద నేను స్తంభాన్ని జరిపించింది సరిగ్గా అందులోకే. వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన్ని అరవంలో పలకరించాను. నీళ్ళు తీస్తే పడవలకు ఇదొక్కటే దారి అన్నాడు. వంతెన గీసే ఒకాయన నెలరోజులు పొద్దున్నే వచ్చి ఈ గట్టు మీదే కూర్చునేవాడని, తమ పడవెక్కి గెడతో లోతులు చూసుకున్నాడని, తమతోనే గంజి తాగాడని చెప్పాడు. చేపలు తెచ్చి ఇంట్లో ఇచ్చాను.

మార్చిన డ్రాయింగు అప్పటికి ఇంకా పై ఆఫీసరు బల్ల మీదే ఉంది. నా సూచన పొరపాటు, మొదటిదే సరి అని చీటీ రాస్తే చాలు, వెనక్కి వస్తుంది. సోమవారం కాగితం తీసి, 'నా సూచన' దాకా రాశాను. ఆ మాట చదివే ఆఫీసరు, అది తెలిసే మామగారు కళ్ళముందుకొచ్చారు. ఆ వంతెన అతను గీసినట్టే పాయ మీద లేచి, జనం దాని ముందు నిలబడి ఫోటోలు తీసుకోవడం కూడా కనబడింది. నిజం చెప్పాలంటే అదే ఎక్కువ గుచ్చుకుంది. చీటీ చింపేశాను. తేలు కుట్టిన దొంగలా రెండు వారాలు నోరు మూసుకుని కూర్చున్నాను. సంతకాలైపోయాయి.

వంతెన కట్టారు. గట్టిగానే ఉంది, అందులో వంక పెట్టడానికి లేదు. ఆడవాళ్ళు గంపలతో దాటుతున్నారు. కమ్మీలు అతను వంచినట్టే ఉన్నాయి, అవి మార్చడానికి నాకు సాకు దొరకలేదు. చూడ్డానికి మాత్రం ఊరూరా ఉండే వంతెనల్లో అదొకటి, నా కల్వర్టులకు అక్క.

ఈ యేడు అరవల ఆడి నెలలో వీరాంపట్టినం తేరు చూడ్డానికి మామగారిని మేమిద్దరం తీసుకెళ్ళాం. తిరిగొచ్చేటప్పుడు చిన్నల్లుడి వంతెన చూడాల్సిందేనని ఆయన పట్టుబట్టాడు. తీసుకెళ్ళక తప్పలేదు. ముగ్గురం సగం దాకా నడిచాం. నీళ్ళు తీసి ఉన్నాయి. సముద్రం నుంచి వస్తున్న ఒక పడవ స్తంభాన్ని తప్పించబోయి, పక్కకు పోయి బురదలో కూరుకుపోయింది. ఇద్దరు మనుషులు దిగి నెడుతున్నారు. వాళ్ళలో పెద్దవాడు, ఆ రోజు నాతో మాట్లాడిన ఆయనే, తలెత్తి చూసి మా తోడల్లుణ్ణి గుర్తుపట్టాడు. అంతగా చూపించామే, కూర్చోబెట్టి చెప్పామే, ఈ స్తంభం తెచ్చి మా దారిలో నాటినవాడెవడు అని అరవంలో అడిగాడు.

తోడల్లుడు నా వైపు కనీసం తిరగలేదు.

"నాన్ దాన్ అణ్ణా" అన్నాడు. నేనేనన్నా, అని.

ఆ పెద్దాయన బురదలో ఉమ్మేసి మళ్ళీ పడవ పట్టుకున్నాడు. మామగారు చిన్నల్లుడి వంక చూశాడు. ఆ చూపులో మెప్పు లేదు. అతని వైపు ఒక్కసారైనా ఆయన అలా చూస్తే బాగుండునని ఎన్నేళ్ళు కోరుకున్నానో. తర్వాత నా వైపు తిరిగాడు.

"సరిచూసే పని మీదే గదా. మీరన్నా జెప్పుండగూడదా?"

నేను నోరు తెరిచేలోగా తోడల్లుడు అందుకున్నాడు. "అన్న జెప్పినాడు మామా. నేనే వినలా."

ఆ మాట అని, ఒడ్డుకి తిరిగిపోయి, చెప్పులు వదిలి, ప్యాంటు పైకి మడుచుకుని, గట్టు దిగి బురదలోకి నడిచాడు. ఆ ఇద్దరి పక్కన భుజం ఆనించి పడవ నెట్టసాగాడు. అప్పుడు కూడా నాకు కలిగింది అసూయే. ఆ వంతెన గియ్యడం ఎలాగూ నాకు రాలేదు, ఈ మాట అనడం కూడా అతనికే వచ్చింది. నిజం చెప్పేయాలని ఊపిరి తీసుకున్నాను, మామగారు పక్కనే ఉన్నాడు, అయినా మాట పైకి రాలేదు.

ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు. "పోన్లే, మీరు జెప్పినారు గదా. పెద్దరికమంటే అట్లుండాల" అన్నాడు.

ఇన్నేళ్ళలో మా మామగారు నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే.